ఆఫీసరుగారి సైలెన్సరు

"శబ్దం నాగరికతకు శత్రువు! నిశ్శబ్దమే ప్రగతికి పునాది!"

ఈ మహావాక్యం మా శబ్ద నియంత్రణ కార్యాలయం గోడ మీద మూరెడేసి అక్షరాలతో ఉంటుంది. సరిగ్గా దాని కిందే నా కుర్చీ. ఊళ్లో ఎక్కడ మోత మోగినా ఫిర్యాదు అందుకుని, ముద్ర కొట్టి, ఆఫీసరుగారికి సమర్పించడం నా ఉద్యోగం. ఆ తర్వాత దాని ఖర్మ దానిది.

మా ఆఫీసరుగారు సామాన్యులు కారు. ఆయన దగ్గర సామాన్యంగా ఉండేది మోటారుసైకిలు ఒక్కటే. అది వచ్చినా తెలిసేది కాదు, పోయినా తెలిసేది కాదు. ఒకరోజు ఆయన దాని మీద పిల్లిలా వచ్చి గేటు దగ్గర ఆగితే, వాచ్‌మన్ స్టూలు మీంచి లేవకుండానే "ఎవరు కావాలి?" అన్నాడు. హోదాకి ఇంతకంటే అవమానం ఉంటుందా! ఆ సాయంత్రమే బండి మెకానిక్ షెడ్డుకి నడిచింది. వెనకాల నేనూ కూచున్నాను. పై అధికారి ఎక్కమంటే ఎక్కనని చెప్పడానికి నేనేమైనా ధీరుడినా?

"మనిషి కనపడకముందే అధికారి వస్తున్నాడని తెలియాలోయ్," అన్నారు ఆఫీసరుగారు.

మెకానిక్ సైలెన్సరుని వేళ్లతో తట్టి, డాక్టరులా పెదవి విరిచాడు. "పాపం, ఇది ఊపిరి బిగబట్టుకుని బతుకుతోంది సార్. లోపల చిల్లుల గొట్టం ఒకటుంటుంది, చప్పుడంతా అదే మింగేస్తుంది. దాన్ని పీకేసి వెడల్పు గొట్టం వేశామంటే పొగ సాఫీగా పోతుంది, పికప్పు పెరుగుతుంది. ఇక సౌండంటారా, మీరే వింటారుగా!"

"మరి చట్టం ఒప్పుకుంటుందా?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఈ ఊళ్లో ఆ చట్టం చూసేదెవరోయ్?" అన్నారు ఆఫీసరుగారు.

ఆయనే.

పికప్పు పెరిగిందో లేదో తెలియదు గాని, పెట్రోలు తాగడం మాత్రం పెరిగింది. ఇక సౌండు! రోడ్డెక్కితే గర్జన. మలుపులో ఆక్సిలరేటరు వదిలితే గొట్టంలోంచి టప్ టప్ టప్‌మని పేలుళ్లు. మొదట్లో మేమూ చెవులు మూసుకున్నాం. వారం తిరక్కుండానే దాని మహిమ తెలిసొచ్చింది!

అంతకుముందు ఆయన చప్పుడు లేకుండా ఊడిపడి, మా పేకాటని పట్టేసుకునేవారు. ఇప్పుడా బెంగ లేదు. పెద్దరోడ్డు మీద గర్జన వినపడగానే హెడ్డుగుమాస్తాగారు ముక్కలు సొరుగులో పడేసేవారు. మలుపులో పేలుళ్లకి టైపిస్టు అల్లిక సూదులు దాచేసేది. గేటు దగ్గరికి వచ్చేసరికి అందరం ఫైళ్లలో తలలు దూర్చి చెమటోడ్చేవాళ్లం. హెల్మెట్టు పెట్టుకున్న ఆకారం కనపడగానే వాచ్‌మన్ లేచి సలాం కొట్టేవాడు. బండి వెనక షెడ్డులోకి వెళ్లేది. ఆఫీసరుగారు వెనక తలుపులోంచి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవారు. గుమ్మం దగ్గర పెట్టిన ఫైళ్లు మర్నాటికి సంతకాలతో తిరిగొచ్చేవి. ప్రధాన కార్యాలయం నుంచి "మీ ఆఫీసరు వచ్చారా?" అని ఫోనొస్తే, "ఇప్పుడే బండి మోగిందండీ!" అని మేం సగర్వంగా చెప్పేవాళ్లం. అంత దివ్యంగా పరిపాలన నడుస్తుండగా పక్కింటి పిన్నిగారు వచ్చారు.

ఆవిడ ఇల్లు మా వెనకగోడకి ఆనుకునే ఉంటుంది.

"బాబూ, మా అమ్మాయి బాలింత. పసిగుడ్డుకి కునుకు పట్టేసరికి మీ గోడ అవతల ఏదో బండి టపటపా పేలుతోంది. బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లికీ నిద్ర లేదు. పాలు కూడా సరిగ్గా పట్టడం లేదు నాయనా."

"నంబరు చూశారా పిన్నిగారూ?"

"ఏడ్చే బిడ్డని వదిలేసి నంబరు చూడ్డానికి పరిగెత్తనా? దాని గొంతు చెప్పమను, చెబుతాను. వెయ్యి బళ్లలో ఉన్నా పట్టేస్తాను!"

"గొంతు మీద కేసు పెట్టే వీలు నిబంధనల్లో లేదండీ."

ఆవిడ కళ్ల కింద నలుపు చూస్తే నిజంగానే జాలేసింది. కాని జాలి వేరు, పేకాట వేరు.

పిన్నిగారు ఊరుకునే రకం కాదు. ప్రధాన కార్యాలయానికే వెళ్లారు. మీ షెడ్డులో పేలేది మీ ఆఫీసరు బండేనా అని అక్కడి నుంచి సంజాయిషీ అడిగారు. హెడ్డుగుమాస్తాగారు భాషంతా రంగరించి, "మా ఆఫీసరుగారి వాహనము నుండి ఏనాడును ఎట్టి శబ్దమును మా చెవిన పడి యుండలేదని ఇందుమూలముగా విన్నవించుకొనుచున్నాము" అని రాస్తే అందరం సంతకాలు పెట్టాం. నాది కాస్త వంకరగా పడింది గాని, పడింది.

ఆ కాగితం పుచ్చుకుని ఒక ఉదయం తనిఖీ అధికారి దిగారు. ఆయన బండి చప్పుడు చేయనిది. గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటు ప్రకారం "ఎవరు కావాలి?" అన్నాడు. ఆయన మొహం కందగడ్డ అయింది. లోపలికొచ్చి, పిన్నిగారిని పిలిపించి, మమ్మల్ని వరసగా కూచోబెట్టారు.

"ఈ సంతకాలు మీవేనా?"

"మావేనండీ!"

"ఆ బండి చప్పుడు మీరెవరూ వినలేదు?"

"చీమ చిటుక్కుమన్నంత కూడా వినలేదు సార్!" అన్నారు హెడ్డుగుమాస్తాగారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

సరిగ్గా అప్పుడే పెద్దరోడ్డు మీద గర్జన వినపడింది.

హెడ్డుగుమాస్తాగారు స్ప్రింగులా లేచారు. "వచ్చేస్తున్నారు! ముక్కలు తీసేయండి, ముక్కలు!" అని కేక పెట్టారు. మలుపులో టప్ టప్ మనగానే సూదులు సొరుగులోకి వెళ్లాయి. నేను ఫైలు తెరిచి చెమట తుడుచుకున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆఫీసంతా పనిలో మునిగిపోయింది. అలవాటు అంత చెడ్డది! తల ఎత్తి చూస్తే తనిఖీ అధికారి చేతులు కట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు.

"ఇదే! ఇదే ఆ గొంతు!" అన్నారు పిన్నిగారు.

అందరం షెడ్డుకి పరిగెత్తాం. బండి దిగిన మనిషి హెల్మెట్టు తీశాడు. ఆఫీసరుగారు కాదు, ఆయన బావమరిది! భుజాన సంచీలో సంతకాలైన మా ఫైళ్లు!

"మీ బావగారేరి?" అన్నారు తనిఖీ అధికారి.

"బావ ఇంట్లో పడుకున్నాడండీ. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి బండి తిప్పి రారా, ఆఫీసు దానంతటదే నడుస్తుంది అన్నాడు."

మాకు ఒళ్లు మండిపోయింది. లేని మనిషికి భయపడి ఇన్నాళ్లూ పని చేస్తున్నట్టు కూచున్నామా! "లోకంలో నిజాయితీ అన్నది లేకుండా పోయింది!" అని హెడ్డుగుమాస్తాగారు కళ్లు తుడుచుకున్నారు.

న్యాయం చకచకా జరిగిపోయింది. సైలెన్సరుని అక్కడికక్కడే ఊడదీయించి, గోనెపట్టాలో చుట్టించి, సాక్ష్యం కింద తనిఖీ అధికారి తన బండికి కట్టుకున్నారు. ఆఫీసరుగారిని సెలవు మీద పంపారు. ఆయనకి తేడా ఏమైనా తెలిసిందో లేదో! కుర్చీ ఖాళీగా ఉండకూడదని తనిఖీ అధికారినే మాకు ఆఫీసరుగా వేశారు.

పసిబిడ్డ హాయిగా నిద్రపోయింది. పిన్నిగారు మాకందరికీ టీ పంపించారు.

కొత్త ఆఫీసరుగారు రోజూ చప్పుడు లేకుండా వచ్చి మా పేకాటని పట్టేసుకునేవారు. మేం లేచేలోపే ఆయన లోపల ఉండేవారు. మర్యాదగా లేచి నిలబడే అవకాశం కూడా ఇవ్వకపోతే ఎలా? పైగా ఒకనాడు కునికిపాట్లు పడుతున్న వాచ్‌మన్, కళ్లు తెరవకుండానే మళ్లీ "ఎవరు కావాలి?" అన్నాడు. ఆయన నేరుగా లోపలికొచ్చారు. గదిలోకి పిలిచి, "ఆ మెకానిక్ షెడ్డు ఎక్కడోయ్? విచారణలో భాగంగా అడుగుతున్నాను," అన్నారు నాతో. చెప్పాను.

మర్నాడు పిన్నిగారు పసిబిడ్డని భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"అదే బాబూ, అదే సైలెన్సరు! బండి మారింది, గొంతు మారలేదు! వినపడటం లేదూ?"

అప్పటికే మేమంతా ముక్కలు సొరుగులో పడేసి, లేచి నిలబడ్డాం.