ఆడి వెళ్లాక అరగంట పని

తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో, ఒక మధ్యాహ్నం కారైకుడి ఆసుపత్రిలో ఉమయాళ్ కన్నుమూసింది. వార్డు గోడ మీది తెర ఈ సంగతి ఒప్పుకోలేదు. దాని లెక్కన ఆమె గుండె సాయంత్రం కాఫీల వేళ దాకా నిమిషానికి డెబ్బైరెండుసార్లు నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉంది.

భర్త కదిరేశన్ మాస్టారు పక్కనే కూర్చుని ఉన్నారు. తన చేతిలో ఉన్న ఆమె చెయ్యి చల్లబడుతోందని ఆయనకు తెలుస్తూనే ఉంది. కానీ బోర్డు మీద ఉన్నదే నిజమని పిల్లలకు నేర్పుతూ తల నెరిసిన మనిషి. అంకె కళ్లెదుట ఉండగా చేతిని నమ్మడం క్రమశిక్షణ కాదు.

"చెయ్యి చల్లగా ఉందేంటమ్మా?" అని నర్సును అడిగారు.

"ఏసీ మాస్టారూ. డెబ్బైరెండు చూపిస్తోందిగా, మీకెందుకు కంగారు?"

ఆయన కుదుటపడి, దుప్పటి సర్దారు.

ఆ ఆసుపత్రిలో మంచాల దగ్గరి పరికరాలన్నీ ఒకే కంప్యూటరుకు కట్టి ఉంటాయి. ఎక్కడివాళ్లో దొంగలు అందులో దూరి, తెరల మీది అంకెలన్నింటినీ ఉన్నవి ఉన్నట్టు కదలకుండా బిగించేశారు. వాళ్లు పెద్దగా శ్రమపడి ఉండరు. ఏ పనైనా పిళ్ళైయార్, అంటే వినాయకుడి, పేరుతోనే మొదలుపెట్టడం ఆ ఊరి మర్యాద గనక, పరికరాలన్నింటికీ ఆ స్వామి పేరే పాస్‌వర్డు. మరిచిపోయేవాళ్ల సౌకర్యార్థం ప్రతిదాని మీదా చీటీ అంటించి, చందనం బొట్టు కూడా పెట్టారు.

దొంగలు దూరిన ఆ లొసుగు సరిచేసే ఉపాయం, పరికరాల కంపెనీవాళ్లు అంతకు ముందే, ఆడి మొదట్లోనే పంపారు. అరగంట పని. అప్పుడే ఆసుపత్రి పరికరాల భద్రతా సంఘం సమావేశమైంది. ఊళ్లో చదువుకున్న పెద్దగా మాస్టారు అందులో సభ్యులు.

"ఇవాళే చేసేద్దాం సార్" అంది కంప్యూటర్లు చూసే తిలగవతి.

"ఆడిలో కొత్త పని ఎందుకమ్మా? నెల వెళ్లనీ" అన్నారు మాస్టారు.

అధ్యక్షులు డాక్టర్ చొక్కలింగం లేచి, విజ్ఞానమూ సంప్రదాయమూ జోడెడ్లలా నడవాలని మాస్టారు చక్కగా సెలవిచ్చారంటూ శాలువా కప్పారు.

ఆ రోజు ఇంటికొచ్చి శాలువా చూపిస్తే, ఉమయాళ్ మురుకులు వేయిస్తూ తల తిప్పలేదు. "కంప్యూటరుకి ఆడి ఏంటండీ? దానికి పెళ్లి చేస్తున్నారా?" అంది. పాపం, దీనికి ఏమీ తెలియదని ఆయన జాలిపడ్డారు. ఆ తర్వాత కొద్ది రోజులకే గుండెనొప్పి వస్తే ఆయనే తీసుకెళ్లి చేర్పించారు.

సమయానికి తెర నిజం చెప్పి ఉంటే బతికేదని ఒక డాక్టరు మెల్లగా చెప్పాడు. సంఘం సంతాప తీర్మానం చేసింది. అందులోని రెండు అక్షర దోషాలు మాస్టారే దిద్ది ఇచ్చారు. కంప్యూటరును ఆపి మళ్లీ వేస్తే అంకెలు కదిలాయి గనక ప్రమాదం తొలగినట్టు ప్రకటించి, కంప్యూటరు గది గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టారు. తర్వాతి ఆవణి నెలంతా పెళ్లిళ్లు, సభ్యులు దొరకలేదు. ఆయుధపూజకు యంత్రాలు విశ్రాంతి తీసుకున్నాయి. ఆడిలాగే కొత్త పనులు మొదలుపెట్టని మార్గళి నెల వచ్చింది.

ఆ నెల సమావేశంలో మాస్టారు లేచి, "ఇవాళే చేయండి" అన్నారు.

చొక్కలింగం నొచ్చుకున్నారు. "మార్గళిలోనా మాస్టారూ? మాకు నేర్పిన మీరే ఇలా అంటే ఎలా?"

మాస్టారు వరండాలోకి వెళ్లి రోగుల బంధువులకు సంగతంతా చెప్పారు. వాళ్లయినా గట్టిగా అడిగితే పని జరుగుతుందని ఆశ. అందరూ శ్రద్ధగా విన్నారు.

"పొంగల్‌తో తై నెల రానీయండి సార్" అన్నాడొక కుర్రవాడు, చేతులు జోడించి. "లోపల మా అమ్మ ఉంది. చెడ్డ నెలలో ఆ యంత్రాన్ని కదపకండి."

ఆ అరగంట పని ఇంకా జరగలేదు.