డిసెంబరు దాకా పచ్చబడని కళ్లు

ఫ్యాక్టరీ భద్రతాధికారిగారి కాలిగోళ్లకు ఫంగస్ పట్టిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. కారణం కూడా భద్రతే. ఇనుప ముక్కు బూట్లను ఆయన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూడా విప్పరు.

డాక్టరమ్మ గట్టి మాత్రలే రాసింది. "మూడు నెలలు వాడాలి. కాలేయం దెబ్బతినొచ్చు, అందుకని నెలనెలా రక్తపరీక్ష తప్పదు. కళ్లు పచ్చబడితే మాత్ర ఆపేసి పరుగెత్తుకు రండి" అంది. ఇన్ని హెచ్చరికలున్న మందు తన వంతుకు వచ్చినందుకు ఆయన లోలోపల పొంగిపోయారు. జలుబు మాత్రలంటే ఆయనకు మొదటినుంచీ చిన్నచూపే.

ఇంటికి రాగానే మందుల అరకు "అపాయం" అని ఎర్రబోర్డు వెలిసింది. భార్య పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షురాలు, అత్తగారు ఏకైక సభ్యురాలు. ప్రతి ఆదివారం కసరత్తు. ఆయన "కళ్లు పచ్చబడ్డాయి!" అని కేక వేయగానే ఇద్దరూ నలభై సెకన్లలో వీధి గుమ్మం దాటాలి. రోగిని వెంట తీసుకెళ్లే సంగతి కసరత్తులో లేదు. మోకాళ్ల నొప్పితో ఎనభై సెకన్లు తీసుకున్న అత్తగారికి మెమో అందింది.

ఇక రక్తపరీక్ష. దానికి చక్కగా గళ్లు గీసి రిజిస్టరు తెరిచారు. "పరిశీలించడమైనది, అంతా సక్రమం" అని, ఎందుకైనా మంచిదని డిసెంబరు దాకా, కూర్చున్న పాటున సంతకాలు పెట్టేశారు. ఫ్యాక్టరీలో మంటలార్పే సిలిండర్లకు ఆయన పద్ధతి అదే. పన్నెండేళ్లలో ఒక్క సిలిండరూ ఎదురు చెప్పిన పాపాన పోలేదు.

రెండో నెలలో భార్య ఆయన మొహం చూసి లబలబలాడింది. "ఏవండీ, మీ కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయండీ!"

ఆయన రిజిస్టరు తెరిచి చూపించారు. "డిసెంబరు దాకా సక్రమమని రాసుంది కదే. కాగితం కంటే నీ చూపు ఎక్కువా?"

అత్తగారు మాత్రం ముప్పై సెకన్లలో గుమ్మం దాటి ఆటో పిలుచుకొచ్చింది. ఆ రోజు ఆమెకు మోకాళ్లు గుర్తురాలేదు.

"ఇంకో వారం ఆగుంటే ప్రాణం మీదికి వచ్చేది" అని డాక్టరమ్మ తలంటి, మాత్రలు ఆపించి, ఆసుపత్రి మంచం ఎక్కించింది. ఒంట్లో ఓపిక లేకపోయినా, అలవాటు కొద్దీ ఆయన చూపు మంచానికి వేలాడుతున్న చార్టు మీద పడింది. గంటగంటకూ నాడి, జ్వరం చూసి రాయాల్సిన చార్టు అది. ఎల్లుండి సాయంత్రం దాకా "సక్రమం" అని అప్పుడే నిండిపోయి ఉంది. ఒకే సిరా, ఒకే ఊపు. ఆ పనితనం ఆయనకు తెలియనిది కాదు. జీవితంలో మొదటిసారి ఆయనకు నిజంగా భయం వేసింది.

"ఏమ్మా, చూడకుండానే రాసేస్తారా? మనిషి ప్రాణమమ్మా ఇది!"

నర్సు ఏమీ అనుకోలేదు. నవ్వుతూ దిండు సర్దింది.

"కంగారు పడకండి సార్. మా ఆయన మీ ఫ్యాక్టరీలోనే, బాయిలరు దగ్గర పనిచేస్తారు. సిలిండర్ల మీద మీ సంతకం ఉంది కదా అని పన్నెండేళ్లుగా నిశ్చింతగా పంపిస్తున్నాను. మీరూ అలాగే పడుకోండి."