నాలుగు డప్పులు, ఒక కాగితం

కార్తీకమాసం. అత్వెల్లి ఊరి మీద మంచు ఇంకా విడవలేదు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే సిద్దిరాములు అరుగు మీద కూర్చుని, చల్లారిన చాయ్ చేతిలో పట్టుకుని, ఆ రోజు పదిన్నరకు జరగబోయేదాన్ని ముందుగానే చూస్తున్నాడు. బ్యాంకు మేనేజరు భుజాన శాలువాతో, మెడలో బంతిపూల దండతో, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వస్తున్నాడు. చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో ఇంటి కాగితం. "మీ దగ్గర ఫీజు తీసుకోవడానికి మాకు మనసెలా వస్తుంది, సిద్దిరాములు గారూ" అంటున్నాడు. వెనక నాలుగు డప్పులు మెత్తగా మోగుతున్నాయి.

సిద్దిరాములుకు ఇలాంటివి కనబడటం కొత్త కాదు. రాగితీగ చుట్టేటప్పుడు చుట్లు లెక్కపెడుతూ మధ్యలో ఎటో వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేసరికి రెండు వందల చుట్లు ఉండాల్సినచోట మూడు వందలుంటాయి. రైతులు విసుక్కుంటారు గాని, మనిషి మంచివాడు కనుక మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు.

ఈసారి కల వెనక పన్నెండేళ్ళ ముచ్చట ఉంది. ఇల్లున్న జాగా భార్య వజ్రమ్మ వెండి కడియాలు అమ్మితే వచ్చింది. ఆమె పేరు మీదే రిజిస్టరయింది. ఇల్లు కట్టడానికి అప్పు కావలసి వచ్చి, కాగితం రిజిస్ట్రారు ఆఫీసు నుంచి నేరుగా మేడ్చల్‌లోని బ్యాంకుకు వెళ్ళిపోయింది. అప్పటికి వజ్రమ్మకు చదువు రాదు. తరువాత సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుని బస్సు బోర్డులు, సబ్బు కవర్లు, పెళ్ళి పత్రికలు అన్నీ చదివింది. తన పేరున్న ఆ ఒక్క కాగితమే చదవలేదు. అప్పు తీరనీ అని ఊరుకుంది. ఆమె అలా ఊరుకున్నప్పుడల్లా సిద్దిరాములుకు లోపల సిగ్గుగా ఉండేది.

పోయిన నెల అప్పు తీరింది. కాగితం అడగబోతే కౌంటరులో మనిషి తలెత్తకుండానే, "ఐదు వందల యాభై కట్టాలండి. కాగితాల విడుదల ఫీజు" అన్నాడు.

"నా కాయితం నాకిచ్చుడానికి నేనే పైసలియ్యాల్నా?"

"కాగితం సిటీలో స్ట్రాంగ్‌రూములో ఉంది. అక్కడినుంచి తెప్పించాలి."

"గాడ పెట్టుమని నేను జెప్పిన్నా?"

కౌంటరు మనిషి వరసలో వెనకున్న వాళ్ళను పిలిచాడు. సిద్దిరాములు ఇంటికొచ్చి, గడప మీద నిలబడి, వజ్రమ్మ ముందర ఒట్టు పెట్టాడు. "ఒక్క పైస ఇయ్య. మనింట్లకెళ్లి ఎవరన్న ఇచ్చిన్రంటే నేను గీ ఇంట్ల బువ్వ ముట్ట."

వజ్రమ్మ చేట తీసుకుని బియ్యం చెరగడానికి కూర్చుంది. అది చూశాకే సిద్దిరాములుకు ఉపాయం తట్టింది. శాలువా కప్పించుకుని, దండ వేయించుకున్న మనిషి ఆ వెంటనే ఐదు వందల యాభై అడగలేడు. భార్యకు మాత్రం చెప్పలేదు. కాగితం తెచ్చి ఒళ్ళో పెడితే ఆమె ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఆశ.

గురువారం పొద్దున వజ్రమ్మ జొన్నలు తీసుకుని పిండి గిర్నీకి వెళ్ళింది. సిద్దిరాములు దండ, శాలువా కొనడానికి లూనా మీద మేడ్చల్ వెళ్ళాడు. డప్పుల పరమేశ్‌ను తొమ్మిదింటికి రమ్మంటే, మర్యాదస్థుడు కనుక ఎనిమిదిన్నరకే ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటి ముందు గడ్డి అంటించి డప్పులు కాచుకుని, సరిగా పలుకుతున్నాయో లేదో అని నాలుగు దెబ్బలు వేశారు.

రెండేళ్ళ కిందట ఆ వీధి మూలన ఒక ఇంటిని బ్యాంకు జప్తు చేసినప్పుడు ఇలాగే ఇంటి ముందు దండోరా వేయించారు. ఎదురింటి జయమ్మ చేతిలో చీపురుతోనే బయటికొచ్చింది.

"ఏం పని మీదొచ్చినవ్, పరమేశూ?"

"బ్యాంకు పనే అక్కా. పదిన్నరకు బ్యాంకు కాడికి పోవాలె."

జయమ్మకు ఇంకేమీ అడగాలనిపించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. "వజ్రమ్మ ఇంట్ల లేని యాల్ల ఇల్లు గుంజుకుంటాన్రు. జల్దీ రాండ్రి, సామాన్లన్న కాపాడుదం."

వీధి వీధంతా కదిలింది. బ్యాంకు వాళ్ళకు నాలుగు గోడలు తప్ప పుల్ల కూడా మిగలకూడదని అందరూ ఒక మాట అనుకున్నారు. మంచం ఒకరింటికి, కూలరు ఇంకొకరింటికి, బియ్యం సంచి జయమ్మ ఇంటికి వెళ్ళాయి. కబురు తెలిసిన రైతులు సిద్దిరాములు షాపుకు సీలు పడకముందే తమ మోటార్లు తెచ్చుకుందామని పరుగెత్తారు. సగం చుట్టిన మోటార్ల తీగలు రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయాయి. తనది దొరకని ఒకాయన, ఉన్నవాటిలో మంచిది చూసి తీసుకున్నాడు.

వచ్చే ఎన్నికల్లో సర్పంచుగా నిలబడాలనుకుంటున్న రవీందర్‌కు అది మంచి అవకాశంగా తోచింది. ట్రాలీ కట్టిన ట్రాక్టరు తెచ్చి ఇంటి ముందు నిలిపాడు.

సిద్దిరాములు తిరిగొచ్చేసరికి వీధి నిండా జనం. కొందరు ఏడుస్తున్నారు. తన కాగితం కోసం ఇంతమంది కదిలారని ఆయన గుండె నిండిపోయింది. తెరిచి ఉన్న తలుపు వైపు చూడనైనా లేదు.

"ధైర్యంగుండు బావా, మేమున్నం" అన్నాడు రవీందర్.

"ధైర్యానికేం తక్కువ? ఒక్క పైస గూడ ఇయ్య నేను."

ఆ మాటకు మిగతావాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. ఇల్లు పోతున్న మనిషి నోట అలాంటి మాట ఆ వీధి ఎన్నడూ వినలేదు.

ట్రాక్టరు కదిలింది. మంచు పల్చబడి, రోడ్డు పక్క చేలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. డప్పుల మోత తడిగాలిలో ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టుంది. సిద్దిరాములు దండ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వజ్రమ్మ కాగితం మీద వేలు పెట్టి చదువుతోంది, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతోంది. ఆయన అలా వింటూ మేడ్చల్ చేరిపోయాడు.

నలభై మందిని, నాలుగు డప్పులను చూడగానే బ్యాంకు షట్టరు నడుం దాకా దిగింది. దాని కింద నుంచి మేనేజరు ముఖం కనిపించింది. సిద్దిరాములు దండ పట్టుకుని వంగి లోపలికి రాబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఏడుస్తున్న జనం, డప్పులు, బంతిపూల దండ ఒకేసారి కనబడితే ఆయనకు వేరే కార్యక్రమం గుర్తొచ్చింది.

"ఇల్లు ఇడిచిపెట్టాలె" అని రవీందర్ ట్రాలీ మీద నిలబడి గట్టిగా అడిగాడు.

"ఏ ఇల్లండీ?"

"సిద్దిరాములు ఇల్లు. అత్వెల్లి."

మేనేజరు రిజిస్టరు తెప్పించుకుని వేలు పెట్టి వెతికాడు. "ఈ ఇంటి మీద అప్పే లేదు. కాగితం కూడా మా దగ్గర లేదు. సోమవారమే ఓనరు తీసుకెళ్ళారు."

"ఓనర్ నేనే గద సార్" అన్నాడు సిద్దిరాములు.

"కాదండి. వజ్రమ్మ గారు. ఫీజు కట్టి, సంతకం చేసి తీసుకెళ్ళారు. పొందికైన సంతకం."

డప్పులు ఆగిపోయాయి. జనమంతా సిద్దిరాములు వైపు చూశారు. ఆయన దండ వైపు చూసుకున్నాడు. అంతలో ఆటో ఆగి, అందరూ బ్యాంకుకే పోయారని ఊళ్ళో విని వచ్చిన వజ్రమ్మ జుట్టు నిండా పిండితో దిగింది. భర్తను పలకరించలేదు, నేరుగా జయమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఇంట్ల పుల్ల లేదు. నా బియ్యం సంచి ఏడున్నదొదినా?"

"మా ఇంట్లనే పెట్టినం. గింతమంది ఆకలితోని వస్తరు గదా, గవే కడిగి వండుమని మా వినోదకు జెప్పచ్చిన."

"గా సంచిల్నే ఉన్నది కాయితం" అంది వజ్రమ్మ. ఆ మాట అంటూనే ట్రాలీ ఎక్కేసింది.

తిరుగు దారిలో సిద్దిరాములుకు ఒక్క కల కూడా రాలేదు. "నాకెందుకు జెప్పలే?" అని మాత్రం అడిగాడు.

"జెప్తె నువ్వు బువ్వ తినవు గద. నేనిచ్చింది పాలమ్మిన పైసలు. దినాం నువ్వు షాపుకు పోంగనే తీసి సదువుకుంటాన్న."

జయమ్మ కోడలు వినోద పొయ్యి మీంచి పెద్ద అన్నం గంజు దించుతోంది. "ప్లాస్టిక్ కవరా? టీవీ మీద పెట్టిన" అంది, తల తిప్పకుండానే.

వజ్రమ్మ తన ఇంటి అరుగు మీద కూర్చుని కవరు విప్పింది. ఎవరూ అడగకుండానే పైకి చదివింది. "సిద్దిరాములు భార్య వజ్రమ్మ, వయసు ఇరవై ఎనిమిది సంవత్సరాలు." అక్కడ ఆగింది. "నాలుగు దినాలసంది గీడనే ఆగుతాన్న" అని నవ్వి, తూర్పున బాట, పడమర చింతచెట్టు అంటూ హద్దులన్నీ చదివింది. ఇప్పుడా చెట్టు లేదు. చదువుతున్నంతసేపూ ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళే ఉన్నట్టు కనిపించింది సిద్దిరాములుకు. మేనేజరు కోసం కొన్న శాలువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పాడు. పరమేశ్‌కు ఏమనిపించిందో, డప్పు మీద వేళ్ళతో చిన్నగా వాయించాడు.

మధ్యాహ్నమైంది. ఆకలేసి సిద్దిరాములు గడప దాటబోతే, "ఒట్టు వెట్టినవ్" అని వజ్రమ్మ గుర్తుచేసింది.

ఆయన మాట మీద నిలబడే మనిషి కనుక, తన బియ్యాన్నే ఎదురింట్లో కూర్చుని, నలభై మందితో కలిసి కడుపునిండా తిన్నాడు.