ఏమీ అమ్మని ఉప్పు కంపెనీ

అయ్యా, అమ్మా! పండక్కి కూడా పలకరించే దిక్కు లేదని బాధపడుతున్నారా? వెంటనే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టండి. పెట్టి, ఊరికే వదిలేయండి. ఇక జన్మలో మిమ్మల్ని మరిచిపోయేవాడు ఉండడు!

నౌపడ ఊరి బెన్హర్‌నే చూడండి. ఉప్పు మడుల్లో కూలి మానేసి, ఉప్పు ప్యాకెట్లు అమ్ముదామని ఐదేళ్ళ క్రితం కంపెనీ పెట్టాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించారు. ప్యాకింగ్ మిషన్ రాలేదు. ఒక్క ప్యాకెట్టూ అమ్మలేదు. అయినా బెన్హర్ పద్ధతైన మనిషి. పాస్టరుగారిని మళ్ళీ పిలిచి ముగింపు ప్రార్థన చేయించాడు, అందరికీ టీ, బిస్కట్లు పంచాడు, బోర్డు దింపేసి మళ్ళీ కూలికెళ్ళాడు. కంపెనీ మూతపడిందనే అనుకున్నాడు.

దేవుడు విన్నాడు. రాష్ట్ర పన్నుల శాఖకి ఎవరు చెప్పాలి?

ఏమీ అమ్మలేదని నెలనెలా రిటర్న్ వేసి చెప్పుకోవాలట! చెప్పనందుకు రోజుకింతని ఫైను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగానికి ఏటేటా వృత్తి పన్ను కూడా! సొంత బావమరిది ఏడాదిగా ఫోను చెయ్యలేదు. శాఖవారు మాత్రం మెసేజీ, ఈమెయిలు, రిజిస్టర్డ్ పోస్టు, ఏదీ తప్పించలేదు. ఎంత ఆప్యాయత!

ఇంతలో బెన్హర్ తల్లి కృపారాణి ఉప్పు కూలీల పింఛనుకి పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. ఇంట్లో కంపెనీ డైరెక్టరుగారు ఉన్నారు కాబట్టి కుదరదన్నారు. ఆ పింఛను వస్తే గానీ ఆమె మోకాళ్ళ మందులకి దారి లేదు. కంపెనీని మూయించుకురమ్మన్నారు. మూయాలంటే పాత రిటర్నులన్నీ వేయాలి.

టెక్కలిలో లెక్కలు రాసే జగన్నాధం ఐదేళ్ళ సున్నాలు ఓపిగ్గా నింపాడు. బెన్హర్ అప్పు చేసి ఫైను కట్టాడు. కంపెనీ ఈసారి నిజంగానే మూతపడింది. ఆ కాగితాల కట్టతో తల్లిని వెంటబెట్టుకుని మళ్ళీ అర్జీ పెట్టాడు.

అంతా బాగానే ఉందిగానీ, కృపారాణి ఉప్పు మడుల్లో పనిచేసినట్టు ఆధారం ఏదని పింఛను ఆఫీసులో అడిగారు.

ఆవిడ కొడుకు చేతిలో కట్టని వేలితో చూపించింది.

"ఒరే బెన్హరూ, ఏటీ సెయ్యని కంపెనీకి ఇన్ని కాయితాలున్నాయి. నలబై ఏళ్ళు ఉప్పులో కాళ్ళు పుండ్లు సేసుకున్నాను. నా పేరున ఒక్కటీ లేదేట్రా?"