తల ఊపేవాడికి చెవి మిషనెందుకు?

గుడిలో గంట ఎందుకు కొడతాం? దేవుడికి వినపడదనా?

ఈ సందేహం నాకు పన్నెండో ఏటి నుంచీ ఉంది. అప్పట్లో పూజారిగారిని అడిగితే "తప్పు నాయనా" అన్నారు. తప్పు నా సందేహానిదో, గంటదో చెప్పలేదు. అరవై నాలుగో ఏట సమాధానం నాకే తట్టింది. దేవుడికి చెవుడే! కాకపోతే ఇన్ని కోట్లమంది కోరికలు వింటూ అదే చిరునవ్వుతో అట్లా నిలబడగలడా? కనుక పాఠకులారా, చెవుడు లోపం కాదు, దైవలక్షణం!

ఈ భాగ్యం నాకు ఊరికే రాలేదు. నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు కాటా గుమాస్తాగా పనిచేశాను. పత్తిలో గింజ తీసే జిన్నింగు మిషన్ల పక్కనే నా కుర్చీ. జీతానికి పని అడిగారు, బోనసుకు బతిమాలించుకున్నారు. చెవుడు మాత్రం అడక్కుండానే ఇచ్చారు.

వినపడని మనిషికి కావలసిన విద్య ఒక్కటే. తల ఊపడం! గబగబా ఊపకూడదు. కళ్లు సగం మూసి, నిదానంగా రెండుసార్లు ఊపి, చివర "అంతా స్వామి దయ" అనాలి. ఇది పెళ్లి కబురుకీ అతుకుతుంది, పైపు పగిలిన కబురుకీ అతుకుతుంది.

దాంతో నాకొచ్చిన పేరు చూడండి! మా వీధిలో పరుపుల కొట్టు అబ్దుల్ రహీముకూ, పక్కింటి బాలకోటయ్యకూ మురుగు కాలవ దగ్గర తగాదా. రహీము వచ్చి తన మొర చెప్పుకున్నాడు. ఊపాను. బాలకోటయ్య వచ్చి చెప్పుకున్నాడు. ఊపాను. చెన్నకేశవులన్న, అంటే నేను, తన పక్షమేనని ఇద్దరూ ధీమాగా ఇళ్లకు పోయి పడుకున్నారు. కాలవ అట్లాగే పారుతోంది, గొడవ మాత్రం ఆగింది. ఏ కోర్టు చేయగలదు ఈ పని? గుడి కమిటీవాళ్లు నన్ను పిలిచి మరీ ఉపాధ్యక్షుణ్ణి చేశారు.

ఇక ఇంట్లో శాంతి సంగతి! మా ఆవిడ కనకలక్ష్మి ఒకప్పుడు సాయంత్రం గోంగూర వలవడానికి కూర్చుంటే, కట్టలు అయిపోయినా కబుర్లు అయ్యేవి కావు. ఇప్పుడు రోజుకు మూడే మాటలు. "అన్నం." "మాత్రలు." "తలుపు." సన్యాసులు అడవుల్లో వెతుక్కునే మౌనం నాకు నట్టింట్లో దొరికింది.

అంతటి శాంతికి ముప్పు తెచ్చింది మా అమ్మాయి భావన.

"ఏంది నాన్నా ఇది? ఫోన్లో నాకు జ్వరమన్నా స్వామి దయే అంటివి! నడువు, చెవి మిషను కొందాం" అని నా చెవిలో అరిచి షాపుకు లాక్కుపోయింది.

అక్కడ సాయి ప్రియ అనే అమ్మాయి నన్నొక గాజుగదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోను తగిలించి, చేతికొక మీట ఇచ్చింది. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలట. పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని నొక్కుతూనే ఉన్నాను.

"తాతగారూ, నేనింకా సౌండే పెట్టలేదండీ!" అని కాగితం మీద రాసి చూపించింది.

తర్వాత మోడళ్లు చూపించింది. చెప్పుల షాపులో కూడా అన్ని రకాలుండవు! ఒకటి చెవి వెనక కూర్చుంటుంది. కళ్లజోడు కాడదీ దానిదీ ఒకటే జాగా, కనుక అక్కడా సరిహద్దు తగాదా తప్పదు. ఒకటి చెవి దొప్పలో సర్దుకుంటుంది. ఒకటి పూర్తిగా లోపలికి దూరిపోతుంది. పెట్టుకుంటే ఎదుటివాడికి కనపడదు, కిందపడితే మనకూ కనపడదు! దాని బ్యాటరీ కందిబద్దంత. మాది రోజూ పప్పు వండుకునే ఇల్లు, వద్దన్నాను. ఇంకొకదానికి బ్లూటూత్ ఉంది, ఫోను తిన్నగా చెవిలోకే వస్తుందట. లోను కావాలా సార్ అని అడిగే పిల్ల ఏకంగా చెవిలోనే కాపురం పెడుతుంది.

"అవసరాన్ని బట్టి ఎంచుకోవాలండీ. మీరు ముఖ్యంగా ఎవరి మాటలు వినాలి?" అని నా చెవి దగ్గరకొచ్చి గట్టిగా అడిగింది సాయి ప్రియ.

నేను తల ఊపాను.

చివరికి నా చెవుడికి చెవి వెనకదే సరిపోతుందని తేల్చి, రీఛార్జి మోడలొకటి పది రోజుల ట్రయలుకు ఇచ్చి పంపింది. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు. ఇచ్చేయాలని షాపు మెట్లు దిగేటప్పుడే నిర్ణయించుకున్నాను!

ఆ పది రోజుల నరకం ఏమని చెప్పను! అప్పడం కొరికితే మళ్లీ మిల్లులో కూర్చున్నట్లుంది. కమిటీ మీటింగులో నా వెనక ఎవరో "ఆయన్నట్లా కూర్చోనీ, దేనికైనా ఊపుతాడు" అనడం స్పష్టంగా వినపడింది. నన్ను ఉపాధ్యక్షుణ్ణి ఎందుకు చేశారో ఆ పూట తెలిసింది. కాలవ తగాదా మొదటిసారి పూర్తిగా విని తీర్పు చెప్పాను. ఇప్పుడు రహీమూ బాలకోటయ్యా ఒకటైపోయి, ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు!

ఇంట్లో మాత్రం ఏ మార్పూ లేదు. సౌండు ఎంత పెంచినా అవే మూడు మాటలు. తొమ్మిదో రోజు సాయంత్రం, రేపు తిరిగి ఇచ్చేయడానికి మంచి కారణం దొరికిందని సంతోషించాను.

"ఏమే, ఈ మిషను పనిచేయటంలా. నీ మాటలు రోజుకు మూడే వినపడుతున్నయ్" అన్నాను.

"మూడే మాట్టాడా, మూడే వినపడ్డయ్. మిషను బాగానే ఉంది" అంది కనకలక్ష్మి, గోంగూర వలుస్తూనే.

"మరి మిగతా మాటలేమైనయ్?"

"ఎవరితో మాట్టాడనూ? గోడతో మాట్టాడినా నయం. అదన్నా తలకాయ ఊపదు!"

నేను మిషను సరిచేసుకున్నాను. ఆవిడ ఆకు పక్కన పెట్టింది.

"అయిదేళ్ల కింద నీకు ఆపరేషనైనప్పుడు కోటప్పకొండకు మొక్కుకున్నా. ఇద్దరం మెట్లదారిన నడిచి ఎక్కుతామని. ప్రతి కార్తీకంలో అడిగా. అడిగినప్పుడల్లా స్వామి దయ అని ఊపి, పేపరు చదువుకుంటివి. ఆయన దయ ఆయన చూపించాడు. బాకీ మనదేగా?"

"నువ్వొక్కదానివే వెళ్లి రావొచ్చుగా?"

"ఇద్దరమని మొక్కి ఒక్కదాన్ని పోతే ఆయనకు లెక్కలు రావనుకుంటున్నావా? చానా భయమేసేదయ్యా నాకు. నీకు తల నొప్పొచ్చినా మొక్కు గుర్తొచ్చేది."

పాఠకులారా! ఈ పల్నాడులో నా అంతటి భక్తుడు లేడని మీతో చెబుదామనుకున్నాను. ఇంట్లో మొక్కు ఎగ్గొట్టి, ఊళ్లో గుడి కమిటీ నడిపినవాణ్ణి! చెవి పోగొట్టింది మిల్లే. "ఏమన్నావు, మళ్లీ చెప్పు" అనడానికి సిగ్గుపడింది మాత్రం నేను. చెవుడు కనపడకుండా దాచే మోడళ్లు షాపులో ఎన్నో ఉన్నాయి. అన్నింటికన్నా చవకైన మోడలు ఈ తల ఊపడం. అయిదేళ్లు అదే వాడాను. దాని ఖర్చంతా ఆవిడ భరించింది.

ట్రయలు గడువు దాటిపోయింది. నేను షాపుకు వెళ్లలేదు. ఆ సోమవారం తెల్లవారుతూనే ఇద్దరం కొండకింద ఆటో దిగి మెట్లదారి పట్టాం.

మొదటి మెట్టు మీదే ఆవిడ కబుర్లు మొదలుపెట్టింది. అయిదేళ్లవి, వరసగా. ఎవరింట్లో ఏ పెళ్లి, ఏ చావు, భావన అత్తగారు ఏమంది, తనేమంది. గాలికి మాట ఎగిరిపోయినప్పుడల్లా ఆగి "ఏమన్నావు?" అన్నాను. విసుక్కుంటూనే మళ్లీ చెప్పింది. ఒక కోతి అరటిపండ్లు లాక్కుపోయినా మాట ఆపలేదు.

పైన కొబ్బరికాయ కొట్టి మొక్కు చెల్లించాం. అరుగు మీద కూర్చుని కాళ్లు ఒత్తుకున్నాను. దిగడానికి బస్సు సిద్ధంగా ఉంది.

"బస్సెందుకు, మెట్ల మీదే దిగుదాం" అంది.

నేను ఎందుకని అడగలేదు. కబుర్లు ఇంకా మూడో ఏడు దగ్గరే ఉన్నాయి.