దత్తతకు పోయిన పెరడు

"ఈ శరదృతువు ముగిసేలోగా దేశంలో కూరగాయలు కొనుక్కునే దౌర్భాగ్యుడు ఒక్కడు కూడా మిగలడు!" అని పెరటితోటల శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఏసీ హాల్లో, రెండు పక్కలా పెట్టిన ప్లాస్టిక్ మొక్కల మధ్య నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ ప్రకటించారు. ముందు వరుసలోని ఉద్యోగులు ఆయన "కూర" అనగానే చప్పట్లు మొదలుపెట్టడంతో "గాయలు" ఎవరికీ వినపడలేదు. అయినా మర్నాడు పేపర్లలో మొత్తం వచ్చింది.

పెరటితోటలకి కూడా ఒక మంత్రా అని గిట్టనివాళ్ళు గొణిగారు. ఆ పెద్దమనిషికి ఇవ్వడానికి ఇంకే శాఖా మిగల్లేదన్న సంగతి వాళ్ళకేం తెలుసు? ఇచ్చినదాన్ని కళ్ళకద్దుకుని తీసుకోవడం ఆయన గొప్పతనం.

ఆ సభలోనే మంత్రిగారు మరో అడుగు ముందుకు వేసి, ఒక సామాన్యుడి తోటను తాను స్వయంగా దత్తత తీసుకుంటానని సెలవిచ్చారు. చిక్కల్లా ఇక్కడే వచ్చింది. శాఖ నిండా మనుషులున్నారు, ఫైళ్ళున్నాయి, కార్లున్నాయి. తోట మాత్రం లేదు. డైరెక్టరుగారు తల పట్టుకుని కూర్చున్న సమయంలో ఒక గుమాస్తా వినయంగా ముందుకొచ్చి, సెల్‌ఫోన్లో ఫొటో చూపించాడు.

"ఎవరిదయ్యా ఇది?"

"మా ఆవిడదండీ. మా పెరడే."

"నిజం మొక్కలేనా?"

"నేనూ మొదట నమ్మలేదండీ. ముట్టుకుని చూశాను."

గుమాస్తా నమ్మకపోవడంలో తప్పులేదు. ఆయన భార్యను వీధి మొత్తం టీచరమ్మ అంటుంది. బళ్ళో వందమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి, పెళ్ళయినప్పటి నుంచి పెరట్లో ఒక్క మొక్కనీ నిలబెట్టలేకపోయింది. ఏది నాటినా చచ్చేది. "నీ చేత్తో పాతితే బండరాయి కూడా ఎండిపోతుందే" అని మొగుడు వచ్చినవాళ్ళందరి ముందూ ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది గానీ, లోపల కడుపు మండిపోయేది.

ఏమైందో ఏమో, ఈ ఏడాది వానలు వెనకబట్టాక ఆమె పంతం పట్టి వేసిన విత్తు వేసినట్టు లేచింది. టమాటాలు గుత్తులు గుత్తులుగా దిగాయి. వంకాయలు నిగనిగలాడాయి. చిక్కుడు పాదు గోడెక్కింది, గుమ్మడి తీగ స్నానాలగది కప్పు మీద పీఠం వేసుకుని కూర్చుంది. బడి నుంచి రాగానే చెప్పులు గుమ్మంలో విసిరేసి, కొంగు నడుముకి చుట్టి ఆమె పెరట్లోకి పోయేది. రోజూ ఒక్కో కాయనీ బుగ్గ గిల్లినట్టు గిల్లి చూసి వచ్చేది. ఆదివారం నాడు తన తోట కూర వండాలి, మొదటి ముద్ద తనే తినాలి, ఆ తర్వాత ఆయన కంచంలో వడ్డించి ఆ నోరు శాశ్వతంగా మూయించాలి. ఇంతకు మించి ఆమెకు జీవితంలో కోరికలేమీ లేవు.

శనివారం సాయంత్రం డైరెక్టరుగారి జీపు వచ్చి వాకిట్లో ఆగింది.

"అమ్మా, అదృష్టవంతులు. మీ తోటను మంత్రిగారు దత్తత తీసుకున్నారు."

"మేం ఇవ్వలేదే?"

"తీసుకోవడం వరకే పథకమమ్మా. ఇవ్వడం అనేది ఇందులో లేదు."

"అంటే ఏం చేస్తారు?"

"మొదటి కాయ మంత్రిగారు తమ అమృత హస్తాలతో కోస్తారు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"నీళ్ళు పోసుకోవచ్చా?"

"నిరభ్యంతరంగా! నీళ్ళు పొయ్యడం మీ హక్కు. కాయ కొయ్యడమే కుదరదు."

చూస్తుండగానే పెరడు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టేశారు. గుమాస్తా సంబరానికి హద్దు లేదు. ఆఫీసులో ఆయన కుర్చీని తలుపు పక్క నుంచి ఫ్యాను కిందికి మార్చారు. "ఆదర్శ తోట సమన్వయకర్త" అని ఒక బ్యాడ్జీ కూడా ఇచ్చారు. అది పెట్టుకునే భోజనానికి కూర్చునేవాడు.

"ఆదివారం వస్తారా మీ మంత్రి?" అని అడిగింది టీచరమ్మ.

"ఆదివారం ఆయనకి జలుబే."

"జలుబు ముందే తెలిసిందా?"

"పెద్దవాళ్ళకి అన్నీ ముందే తెలుస్తాయే."

జలుబు తగ్గాక పార్టీ మహాసభలు వచ్చాయి. అవి అయ్యాక వంతెన ప్రారంభోత్సవం వచ్చింది. ఆ వంతెన ఇంకా కట్టలేదు గనక అక్కడికి చేరుకోవడానికి చాలా సమయం పట్టింది. ఈలోగా తోట భద్రత నిమిత్తం ఒక కానిస్టేబుల్ని వేశారు. చాలా నిజాయితీపరుడు. ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి వచ్చినా గుర్తింపు కార్డు చూడందే టీచరమ్మను దండెం దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఆ తర్వాత బోర్డు వచ్చింది. మంత్రిగారి ముఖం నిండుగా రావాలి కాబట్టి పెరటి కంటే పెద్దదిగా చేయించారు. దాని నీడ పడి చిక్కుడు పాదు పాలిపోయింది. బోర్డు కాస్త జరపమని టీచరమ్మ అడిగితే, పాదును కాస్త జరుపుకోమన్నారు.

దేశంలో కూరగాయలు కొనేవాడే ఉండకూడదన్న పథకానికి పతాకం లాంటి ఆ ఇంట్లో, గుమాస్తా రోజూ సంచీ పట్టుకుని బజారుకెళ్ళి కూరగాయలు కొని తెచ్చేవాడు. గేటు దగ్గర కానిస్టేబులు ఆపేవాడు.

"సార్, ఇవి బయటి వంకాయలేనని రుజువేంటి?"

"నేను బయటి నుంచే కదయ్యా వస్తున్నాను!"

"లోపల్నుంచి బయటికి పట్టుకెళ్ళి, మళ్ళీ తెస్తున్నారేమో?"

చెప్పొద్దూ, ఆ ప్రశ్నలో కొంత న్యాయం కూడా ఉంది.

ఒక మధ్యాహ్నం బాగా పండిన టమాటా ఒకటి తనంతట తానే రాలి కిందపడింది. టీచరమ్మ ప్రాణం లేచివచ్చింది. "నేను కొయ్యలేదు నాయనా, అదే పడింది. తీసుకోనా?" అంది. కానిస్టేబులు స్టేషనుకు ఫోన్ చేశాడు, స్టేషను డైరెక్టరుగారికి చేసింది. పడ్డది పడ్డచోటే ఉంచమని జవాబొచ్చింది. టమాటా చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశారు. సాయంత్రానికి చీమలు పట్టాయి. చీమల మీద చర్య తీసుకునే అధికారం తనకు లేనందుకు కానిస్టేబులు చాలా బాధపడ్డాడు. టీచరమ్మకు మాత్రం ఏడుపొచ్చింది. ముద్దుగా పెంచుకున్న పండు కళ్ళ ముందే చీమలపాలైతే ఎవరికి రాదు?

చలి ముదిరింది. ఎదురింటి చెట్లన్నీ ఆకులు దులిపేసుకుని బోసిగా నిలబడ్డాయి. ఇవాళో రేపో మంచు దిగుతుందని రేడియోలో చెప్పారు. మంచు పడితే ఇంకేముంది, టమాటా, వంగ, చిక్కుడు అన్నీ ఒక్క పూటలో నల్లగా మాడిపోతాయి. టీచరమ్మ బడికి సెలవు పెట్టి డైరెక్టరుగారి ఆఫీసుకు పరుగెత్తింది.

"అయ్యా, మంచు వచ్చేస్తోంది. ఇవాళైనా కోసుకోనివ్వండి."

"కంగారు పడకండమ్మా. ఆ విషయం మా దృష్టిలో ఉంది. మంత్రిగారి ప్రోగ్రాం ఖాయమయ్యేదాకా మంచును ఆపవలసిందిగా వాతావరణ శాఖకు రాశాం."

"వాళ్ళేమన్నారు?"

"పరిశీలిస్తున్నారు."

టీచరమ్మ తిన్నగా ఇంటికొచ్చింది. కొంగు బిగించి, పెద్ద బుట్ట తీసుకుని, మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా రిబ్బను కింద నుంచి వంగి లోపలికి వెళ్ళింది.

"అమ్మా! అమ్మా! నేను ఇక్కడే ఉన్నాను! చూస్తున్నాను!" అన్నాడు కానిస్టేబులు.

"చూడు నాయనా. బాగా చూడు. ఆ గుమ్మడికాయ నాకందదు, కాస్త దింపిపెట్టు."

అలవాటు కొద్దీ దింపిపెట్టాడు పాపం. ఆమె ఒక్కో కాయనీ బుగ్గ గిల్లి మరీ కోసింది. నా చెయ్యి మంచిదే, నా చేతికేం రోగం లేదు అని తనలో తనే అనుకుంటూ బుట్ట నింపింది. నేరం అర్ధాంతరంగా ఆగిపోతే కేసు నిలవదు కాబట్టి కానిస్టేబులు ఆఖరి కాయ దాకా ఓపిక పట్టి, అప్పుడు విజిల్ ఊదాడు.

విజిలుకి వీధి వచ్చింది. వీధిని చూసి విలేకరులు వచ్చారు. టీచరమ్మ వంటింట్లో ఉల్లిపాయలు వేగేసరికి టీవీలో "మంత్రి తోటలో పట్టపగలు దోపిడీ" అని వచ్చేసింది. కూరగాయ ముక్కలన్నీ ఒకే గిన్నెలో పడేసరికి ప్రతిపక్ష నాయకుడు గర్జించాడు. సొంత తోటను కాపాడుకోలేనివాడు దేశాన్నేం కాపాడతాడు, తక్షణం రాజీనామా చెయ్యాలి అన్నాడు. దాంతో ఋతువు పొడుగునా తీరిక దొరకని మంత్రిగారు, కూర పొయ్యి దిగేలోగా వచ్చేశారు. ఆయన వెనకే డైరెక్టరుగారు, ఆయన వెనకే ప్రతిపక్ష నాయకుడు. అందరి వెనకా బ్యాడ్జీ చేత్తో మూసుకుని గుమాస్తా.

"ఏమే, నా ఉద్యోగం!" అన్నాడు.

"ఉద్యోగం మీది. కూర నాది," అంది టీచరమ్మ.

తోట మంత్రిగారిది కాబట్టి విచారణ కూడా మంత్రిగారే జరపడం న్యాయమని మంత్రిగారు తీర్పు చెప్పారు. నిష్పాక్షికత కోసం ప్రతిపక్ష నాయకుణ్ణి సభ్యుడిగా వేసుకున్నారు.

"సాక్ష్యం ఎక్కడుంది?"

"పొయ్యి మీద ఉంది సార్," అన్నాడు కానిస్టేబులు.

మూత తీశారు. ఆ వాసనకి విచారణ సంఘం పొయ్యి దగ్గరికి జరిగింది.

"ఇవి మన తోటవో కాదో చూసి చెప్పలేం సార్. రుచి చూడాలి," అన్నారు డైరెక్టరుగారు.

మంత్రిగారికి కంచం పెట్టారు. ఒక్క ముద్దతో నిర్ధారణకు రావడం తొందరపాటు అవుతుందని ఆయన ఇంకాస్త వడ్డించమన్నారు. ప్రభుత్వం సాక్ష్యాన్ని మాయం చేస్తోందని ప్రతిపక్ష నాయకుడు అభ్యంతరం చెప్పి తనకూ కంచం తెప్పించుకున్నాడు. శాఖ తరఫున డైరెక్టరుగారు, ప్రత్యక్ష సాక్షిగా కానిస్టేబులు, సమన్వయకర్త హోదాలో గుమాస్తా కూర్చున్నారు. గిన్నె అడుగు కనిపిస్తుంటే టీచరమ్మ ముందుకొచ్చింది. ఒక్క చెంచాడు చాలని గరిటె ముంచబోయింది.

మంత్రిగారు ఎడంచేత్తో వారించారు. "తప్పమ్మా. నిందితురాలు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు."

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. గుమాస్తా తల వంచుకుని గిన్నెకంటిన ముద్ద కూడా గీకి తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆమెకి. ఎవరూ చూడలేదు, చేతులు కడుక్కునే హడావిడిలో ఉన్నారు.

వసారాలో మైకుల ముందు మంత్రిగారు గంభీరంగా మాట్లాడారు.

"క్షుణ్ణంగా విచారించాం. ఈ ఇంట్లో మాకు కూరగాయ అన్నది ఒక్కటి కూడా దొరకలేదు. లేని కాయల్ని దొంగిలించడం ఎవరి తరం? కూర వండారన్నది కేవలం వదంతి. ఈ సోదరి నిర్దోషి!"

ప్రతిపక్ష నాయకుడు త్రేన్చి, పూర్తిగా ఏకీభవించాడు. వీధి చప్పట్లు కొట్టింది. మైకులన్నీ ప్రతిపక్ష నాయకుడి వైపు తిరిగాయి.

మంత్రిగారు కారెక్కారు. టీచరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి అద్దం మీద తట్టింది. అర్జీ ఇస్తుందేమోనని డైరెక్టరుగారు హడలిపోయారు. అద్దం సగం దిగింది.

"ఎలా ఉందండీ?" అని అడిగింది.

"ఏది తల్లీ?"

"కూర. నేను తినలేదు. ఎలా ఉందో మీరైనా చెప్పండి."

మంత్రిగారు అటూ ఇటూ చూశారు. దగ్గర్లో మైకు లేదు. గొంతు తగ్గించారు.

"ఉప్పు రవ్వంత తగ్గింది తల్లీ. వచ్చే ఏడాది చూసి వెయ్యండి," అని అద్దం ఎత్తుకున్నారు.