దగ్గని పెళ్లికొడుకు

లోకంలో దగ్గులు రెండు రకాలని, ఒకటి జబ్బు వల్ల వచ్చేది, రెండోది గుంటూరు జిల్లా వల్ల వచ్చేది అని, ఈ రెండింటికీ తేడా చెప్పే యంత్రాన్ని ఇంతవరకూ ఏ దేశమూ కనిపెట్టలేదని ముందుగా మనవి చేసుకోవాలి.

ఈ చిన్న లోటును ఎవరూ పట్టించుకోలేదు. మహమ్మారి వచ్చిన ఆ వేసవిలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మధ్య చెక్‌పోస్టు పెట్టి, దగ్గిన మనిషిని ఇటు నుంచి అటు గానీ అటు నుంచి ఇటు గానీ దాటనివ్వరాదని ఉత్తర్వు వచ్చింది. రాసినవారు ఏసీ గదిలో కూర్చుని రాశారు. (ఏసీ గదుల్లో మిరపకాయలుండవు. కోల్డ్ స్టోరేజీల్లో ఉంటాయి గానీ, అక్కడ కూర్చుని ఎవరూ ఉత్తర్వులు రాయరు.)

చిలకలూరిపేటలో కారం మిల్లు నడిపే మాలిక్ మాత్రం ఈ ఉత్తర్వు విని సంతోషించాడు. దగ్గు విషయంలో అతనికున్న ధీమా ఆ రోజుల్లో పెద్ద పెద్ద డాక్టర్లకు కూడా లేదు. చిన్నప్పటి నుంచి కారం దుమ్ములో పెరిగిన గొంతు అది, దేనికీ చలించదు. మిల్లుకు కాలింగ్ బెల్ లేదు. గుమ్మంలో ఎవరైనా దగ్గితే బేరం వచ్చిందని లోపల్నుంచి లేచి వచ్చేవాడు. దగ్గును బట్టి పాత ఖాతానా, కొత్త మనిషా అన్నది కూడా చెప్పేవాడు.

అతని పెళ్లి వేటపాలెంలో జరగాలి. అమ్మాయి పేరు సిద్దికా, జీడిపప్పు కార్ఖానాలో పని చేస్తుంది. ఆ పెళ్లి అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి రాష్ట్రమంతా మూసేశారు. రెండోసారి మాలిక్ వాళ్ల వీధి రెడ్ జోన్ అయింది. (వీధికి అడ్డంగా వెదురు బొంగులు కట్టిన సిబ్బంది పొరపాటున లోపలి వైపు నిలబడి కట్టడం వల్ల, వాళ్లు కూడా ఆ వీధిలోనే ఉండిపోయారు. పాపం, మర్యాదస్తులు. క్యారమ్స్ బాగా ఆడేవారు.)

"శుక్రవారం మీరొక్కరూ వస్తే చాలు," అంది సిద్దికా ఫోన్లో. "బిర్యానీ లేకపోయినా పర్లేదు, బ్యాండు లేకపోయినా పర్లేదు. ఈసారి కూడా రాకపోతే మా నాన్న ఒంగోలు సంబంధం ఖాయం చేసేస్తాడు. ఆ అబ్బాయి ఫొటో ఆయన జేబులో ఉంది, నేను చూశా."

"ఎట్లా ఉన్నాడు?"

"మాస్కు పెట్టుకుని దిగాడు. నాకేం తెలుసు?"

ఆ ఫొటో మాట విన్నప్పటి నుంచి మాలిక్‌కు అన్నం సహించలేదు. వాయిదాల పుణ్యమా అని ఇద్దరూ నెలల తరబడి ఫోన్లో మాట్లాడుకున్నారు. ఆ అమ్మాయి గొంతు వినకుండా పొద్దు గడవదన్న సంగతి అతనికి అర్థమైపోయింది.

పాసు కోసం యాప్‌లో దరఖాస్తు పెట్టారు. ప్రయాణానికి కారణం అన్నచోట వైద్యం, మరణం, సరుకు రవాణా అని ఉన్నాయి గానీ పెళ్లి లేదు. "మరణం అని పెట్టేయండి, గంటలో వస్తుంది," అన్నాడు నెట్ సెంటర్ కుర్రాడు. మాలిక్ తల్లి సఫూరా చెప్పు తీయబోయింది. చివరికి 'ఇతరములు' అని పెడితే, ఇతరముల కింద పెళ్లికొడుకుకూ, ఇంకో ఇతరానికీ మంజూరైంది.

శుక్రవారం పొద్దున్నే అమ్మా కొడుకులు పర్చూరు రోడ్డు మీదుగా కారులో బయల్దేరారు. మాలిక్ షేర్వాణీ వేసుకున్నాడు. రెండు జిల్లాలు కలిసేచోట రెండు తారు డ్రమ్ములు, వాటి మీద ఒక వెదురు బొంగు, పక్కన ఒక శామియానా కనిపించాయి. అదే జిల్లా సరిహద్దు దగ్గు నియంత్రణ కేంద్రం. దానికి అధిపతి రామాంజనేయులు గారు, మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. (చేపలు దగ్గవు కాబట్టి ఈ విషయంలో ఆయనకు ముందస్తు అభిప్రాయాలేవీ ఉండవని పైవారి నమ్మకం.) ఆయన కింద జోసఫ్ అనే హోంగార్డు, అతని చేతిలో లాఠీ ఉన్నాయి.

"కాసేపు ఇట్లా నిలబడండి," అన్నారు రామాంజనేయులు గారు పాసు చూసి. "దగ్గకుండా ఉంటే వెళ్లిపోవచ్చు."

"సాయంత్రం దాకా నిలబడమన్నా నిలబడతానండి," అన్నాడు మాలిక్ గర్వంగా.

అంతలో అవతలి నుంచి మిరప బస్తాల లోడుతో లారీ వచ్చి ఆగింది. సరుకుకు పాసు అక్కర్లేదు. నిత్యావసరమని నిర్ణయమైన మరుక్షణం నుంచి మిరపకాయ దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. అయితే ఆ ముందు రోజే కొత్త సర్క్యులర్ వచ్చింది. కొందరు బస్తాల్లో దాక్కుని జిల్లాలు దాటుతున్నందున, ప్రతి బస్తానూ లాఠీతో కొట్టి చూడాలట. మనిషుంటే అరుస్తాడు, కాయైతే అరవదు. ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఆ పరిస్థితుల్లో ఎవరికీ తోచలేదు.

లారీ డ్రైవర్ కలీం కిందికి దూకి చేతులు జోడించాడు. "సార్, కొట్టొద్దు సార్. తేజా కాయ, మహా ఘాటు. కళ్లంలో గలగలలాడేదాకా ఎండింది."

"లోపల మనిషి ఉంటే?"

"మనిషుంటే ఈపాటికి చచ్చుంటాడు సార్."

"అప్పుడు మరణం కేటగిరీ కిందికి వస్తుంది, దాంతో మనకు పేచీ లేదు. కొట్టవయ్యా జోసఫ్."

జోసఫ్ కొట్టాడు. పనిమంతుడు కాబట్టి గట్టిగా కొట్టాడు. సరిగ్గా అప్పుడే పడమటి గాలి లేచింది. అందరి మాస్కులూ గడ్డాల కింద భద్రంగా ఉన్నాయి. మొదట జోసఫ్ దగ్గాడు, తరవాత కలీం. వరుసలో ఉన్న మోటారు సైకిళ్లవాళ్లు, పాలవ్యాను మనిషి, మిల్లు గుమ్మం ఎన్నడూ తొక్కని సఫూరా, చివరికి రామాంజనేయులు గారు కూడా కళ్లనీళ్లు కారుస్తూ దగ్గారు. ఆ ఎర్రటి గాలి మధ్యలో షేర్వాణీ దులుపుకుంటూ, ఇంటి వాసన తగిలినందుకు కాస్త హాయిగా కూడా ఉండి, మాలిక్ ఒక్కడే నిటారుగా నిలబడ్డాడు.

రామాంజనేయులు గారు నిజాయితీపరుడు. ఈ కథలో జరిగిన అనర్థమంతా దాని వల్లనే జరిగింది.

"రూలు రూలేనండి," అన్నారాయన ముక్కు తుడుచుకుంటూ. "నేను దగ్గాను, కాబట్టి నేను అనుమానితుణ్ని. జోసఫ్ అనుమానితుడు. వీళ్లంతా అనుమానితులే. సరిహద్దు ఒక్క క్షణం కూడా ఆరోగ్యవంతుడి పర్యవేక్షణ లేకుండా ఉండరాదని ఉంది. ఇక్కడ ఆరోగ్యంగా ఉంది మీరొక్కరే. చార్జి తీసుకోండి."

"అయ్యా, నాకు పెళ్లుందండీ!"

"నా రిలీవర్ రాగానే వెళ్లిపోదురు."

"ఎప్పుడొస్తారండీ?"

"ఉగాది నుంచి చూస్తున్నానండి," అని, జ్వరం చూసే తుపాకీ మాలిక్ చేతిలో పెట్టి, అనుమానితులందరినీ వెంటబెట్టుకుని శామియానాలోకి వెళ్లి కూర్చున్నారు.

మాలిక్‌కు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. (అయినా దగ్గు రాలేదు.) ఆ పొద్దు ఆ సరిహద్దు ఎన్నడూ లేనంత సజావుగా నడిచింది. ఆస్పత్రికి పోయే గర్భిణిని, పురుగుమందు కోసం వచ్చిన రైతును, సైకిలు మీద ఐసు అమ్ముకునే ముసలాయన్ను అతను నవ్వుతూ పంపించాడు. ఎవరినైనా దాటించే అధికారం అతనికుంది. తనను తాను దాటించుకునే అధికారం మాత్రం లేదు. విధుల్లో ఉన్న అధికారి కేంద్రం వదిలిపోరాదు. రెండుసార్లు వెదురు బొంగు కింద నుంచి దూరబోయాడు గానీ, శామియానాలోంచి రామాంజనేయులు గారు దగ్గుతూనే వేలు చూపించి హెచ్చరించారు.

చివరికి సిద్దికాకు ఫోన్ చేశాడు. ఏడుపు గొంతుతో జరిగిందంతా చెప్పాడు.

"ఏం, కాళ్లు మీకొక్కరికే ఉన్నాయా?" అంది ఆమె. "మేమే వస్తున్నాం. ఆ బొంగు దగ్గరే ఉండండి."

మధ్యాహ్నానికి అవతలి వైపు రెండు ఆటోలు వచ్చి ఆగాయి. సిద్దికా తండ్రి మొహిద్దీన్ బాషా దిగి, జేబు మీద చెయ్యి వేసుకుని, కాబోయే అల్లుణ్ని ఎగాదిగా చూశాడు. (జేబులో ఫొటో ఇంకా ఉంది.) "ఏమయ్యా, కారం మిల్లన్నారు గానీ సర్కారు ఉద్యోగమని చెప్పలేదే," అన్నాడు.

"పొద్దున్నే వచ్చింది మామయ్యా," అన్నాడు మాలిక్ దీనంగా.

సర్కారు ఉద్యోగమన్న మాటతో మొహిద్దీన్ బాషా చెయ్యి జేబు మీద నుంచి జారింది.

నిఖాకు ఏ ఇబ్బందీ రాలేదు. పెళ్లికూతురి ఒప్పుదల ఆమె ఉన్నచోటే అడిగి, సాక్షులు ఆ మాట మోసుకొచ్చి పెళ్లికొడుకు దగ్గర చెప్పడం మొదటి నుంచీ ఉన్నదే. ఇన్నాళ్లూ పక్క గదిలో అడిగే మాట ఆ రోజు పక్క జిల్లాలో అడిగారు, అంతే తేడా. ఖాజీ గారు ప్రకాశం జిల్లాలో నిలబడి అడిగారు, మాలిక్ గుంటూరు జిల్లాలో నిలబడి "కబూల్" అన్నాడు. లారీల వాళ్లు హారన్లు కొట్టారు. శామియానాలోని వాళ్లు దగ్గుల మధ్య చప్పట్లు చరిచారు. (పెళ్లికి ఇరవై మందే ఉండాలన్న నిబంధనకు భంగం రాలేదు. శామియానాలోని వాళ్లు రోగుల లెక్కలోకి వస్తారు, అతిథుల లెక్కలోకి రారు.)

తరవాత సిద్దికా బొంగు దగ్గరికి వచ్చి నిలబడింది. కొత్త భర్త తుపాకీ ఎత్తి ఆమె నుదుటికి గురిపెట్టాడు.

"ఎంతుంది?"

"తొంభై ఎనిమిది."

"ఇటివ్వండి. మీది ఎవరు చూస్తారు?" అని తుపాకీ లాక్కుని అతని నుదుటికి పెట్టింది. కాస్త ఎక్కువే చూపించింది. ఆమె ఎవరికీ చెప్పకుండా దాన్ని ఆపేసింది. మాలిక్‌కు ఆనందంతో కళ్లనీళ్లు వచ్చాయి. కారం వల్ల అతనికి ఎన్నడూ రాని నీళ్లవి.

సాయంత్రానికి అంబులెన్సులో వైద్యాధికారిణి శ్రీదివ్య గారు వచ్చారు. మంచి మనిషి, నిద్ర లేక కళ్లు వాచి ఉన్నాయి.

"ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు?"

"నేనేనండి."

"పెళ్లికొడుకు?"

"అదీ నేనేనండి."

"ఈ దగ్గేవాళ్ల దగ్గర ఎంతసేపున్నారు?"

"పొద్దుటి నుంచీ ఉన్నానండి, డ్యూటీ కదా."

ఆవిడ నిట్టూర్చి అందరినీ క్వారంటైన్‌కు పంపారు. మాలిక్ చేతి తుపాకీ ముట్టుకున్నందుకు సిద్దికాను కూడా ఎక్కించారు. దగ్గరలోని హైస్కూలే క్వారంటైన్ కేంద్రం. మాలిక్‌కు పదో తరగతి గది, సిద్దికాకు ఆరో తరగతి గది ఇచ్చారు, మధ్యలో ఆటస్థలం. కొత్త దంపతులు కిటికీల్లోంచి ఒకరినొకరు చూసుకుంటూ సర్కారు కోడిగుడ్లు తిన్నారు.

మర్నాటికి కారం ఘాటు దిగి అందరి దగ్గులూ తగ్గిపోయాయి. లక్షణాలు తగ్గినవారిని ఇళ్లకు పంపవలెనని నియమం. రామాంజనేయులు గారు, కలీం, పాలవ్యాను మనిషి, సఫూరా, అందరూ వెళ్లిపోయారు. జోసఫ్ డ్యూటీలో చేరి ఆ స్కూలు గేటుకే కాపలా వచ్చాడు. లోపల మిగిలింది ఇద్దరే.

"మమ్మల్నెప్పుడు పంపుతారండీ?" అన్నాడు మాలిక్.

"లక్షణాలు తగ్గగానే," అన్నారు శ్రీదివ్య గారు.

"మాకు లక్షణాల్లేవు కదండీ."

"అదే కదా సమస్య. లేనివి ఎట్లా తగ్గుతాయి? పోనీ పరీక్ష చేయిద్దామంటే లక్షణాలున్నవాళ్లకే కిట్లు ఇస్తున్నారు." ఆవిడ పైకి లేఖ రాశారు. లక్షణాలు లేనివారిని లక్షణాలు తగ్గేవరకు ఉంచవలెనని జవాబు వచ్చింది.

వారం తిరిగింది. ఇంటి దగ్గర సఫూరా పెళ్లయ్యాక పెట్టే వలీమా విందుకు తెచ్చిన మసాలాల వాసన పోతోందని ఫోన్లో ఏడ్చింది. మాలిక్ ఆలోచించి, మిల్లు నుంచి మంచి కారం ఒక పొట్లం పంపమన్నాడు. గేటు దగ్గర జోసఫ్ ఆ పొట్లం తీసుకుని రెండుసార్లు దగ్గి లోపలికిచ్చాడు. మాలిక్ గుప్పెడు కారం పీల్చాడు. ఏమీ కాలేదు. సిద్దికాకు పంపాడు. జీడిగింజలు కాల్చే పొగలో ఏళ్ల తరబడి కూర్చున్న గొంతు ఆమెది. ఆమె పీల్చి, "మీ మిల్లు కారం బాగుంది, కూరలో వేసుకుందాం," అని కిటికీలోంచి కేకేసింది.

ఇక నటించడం తప్ప దారి లేకపోయింది. వచ్చిన చిక్కేమిటంటే మాలిక్‌కు దగ్గడం తెలీదు. జోసఫే గేటు వదిలి కిటికీ దగ్గర నిలబడి నేర్పాడు. "ఒరేయ్, గొంతులోంచి కాదురా, కడుపులోంచి తియ్. లాఠీ దెబ్బ తిన్న తేజా కాయను తలుచుకో." మొదట్లో మాలిక్ దగ్గితే మేక అరిచినట్టుండేది. ఆటస్థలం అవతల సిద్దికా అతన్ని చూసి నవ్వాపుకోలేక పొలమారి, అసలైన దగ్గు ఎట్లా ఉంటుందో చూపించింది. అది చూసి అతనూ పట్టేశాడు.

మర్నాడు పొద్దున శ్రీదివ్య గారు రాగానే ఇద్దరూ చెరో కిటికీలోంచి దగ్గారు. ఆవిడ కాసేపు కళ్లు మూసుకుని విన్నారు. "అమ్మయ్య," అన్నారు.

మధ్యాహ్నం మళ్లీ వచ్చి, "తగ్గిందా?" అన్నారు.

"పూర్తిగా తగ్గిందండి," అన్నారిద్దరూ.

పొద్దుగూకేలోపు సిద్దికా అత్తగారింటి గడప తొక్కింది. సఫూరా ఆ పూటే వలీమా డేక్షా పొయ్యి మీదికెక్కించింది.

ఆ సాయంత్రం వెలువడిన బులెటిన్‌లో జిల్లాలో కోలుకున్నవారి సంఖ్య ఇద్దరు పెరిగింది. జబ్బుపడినవారి సంఖ్యలో మార్పు లేదు.